ఇంపోర్ట్ చేసే పోస్టులలోని స్క్రిప్టులను ఏ ఫిల్టర్ హుక్ దగ్గర తొలగించాలి?

ప్రశ్న

నమస్కారం. ఒక పాత వర్డ్‌ప్రెస్ సైటు నుంచి తీసిన ఎక్స్‌ఎంఎల్ ఫైలును వర్డ్‌ప్రెస్ ఇంపోర్టర్ ప్లగిన్‌తో కొత్త సైటులోకి తెస్తున్నాను. పాత సైటు ఒకప్పుడు హ్యాకింగ్‌కు గురైంది కాబట్టి చాలా పోస్టుల అడుగున స్క్రిప్ట్ ట్యాగులు, కంటికి కనబడని ఐఫ్రేములు (పేజీలో వేరే పేజీని చూపే ట్యాగులు) మిగిలి ఉన్నాయి. సేవ్ అయ్యేటప్పుడు కేసెస్ వడపోత (అనుమతి లేని హెచ్‌టీఎంఎల్ ట్యాగులను తీసేసే వర్డ్‌ప్రెస్ ఏర్పాటు) దానంతటదే జరుగుతుందని నమ్మి, అడ్మిన్ ఖాతాతో 20 పోస్టులను పరీక్షగా తెచ్చి చూస్తే, స్క్రిప్టులన్నీ యథాతథంగా డేటాబేసులోకి చేరాయి. పోస్టును పేజీలో చూపేముందు నడిచే ద_కంటెంట్ ఫిల్టరుకు (డేటాను దారిలో మార్చే అవకాశమిచ్చే హుక్) కేసెస్‌ను నడిపే డబ్ల్యూపీ_కేసెస్_పోస్ట్ ఫంక్షన్‌ను తగిలించాక పేజీలో స్క్రిప్టులు పోయాయి గానీ, వాటితోపాటు సైటులోని వీడియోలు కూడా మాయమయ్యాయి. దయచేసి సరైన మార్గం చెప్పగలరు.

జవాబు 1

అన్‌ఫిల్టర్డ్_హెచ్‌టీఎంఎల్ అనే అనుమతి ఉన్న వాడుకరి ఏదైనా సేవ్ చేసినప్పుడు వర్డ్‌ప్రెస్ కేసెస్‌ను నడపదు. సాధారణ సైటులో అడ్మిన్‌కు ఆ అనుమతి ఉంటుంది కనుకనే మీ వడపోత జరగలేదు. ఇక వీడియోల సంగతి: లింకును వీడియోగా మార్చే పని ద_కంటెంట్‌లో 8వ ప్రాధాన్యంలో (చిన్న సంఖ్య ముందు నడుస్తుంది) జరుగుతుంది, మీ ఫంక్షన్ 10లో నడుస్తుంది, అప్పటికే తయారైన ఐఫ్రేమును కేసెస్ తీసేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ పద్ధతిలో విషం డేటాబేసులో అలాగే ఉండిపోతుంది. దాన్ని గుమ్మంలోనే ఆపాలని నా గట్టి అభిప్రాయం. ఇంపోర్టరులో డబ్ల్యూపీ_ఇంపోర్ట్_పోస్ట్_డేటా_ప్రాసెస్డ్ అనే ఫిల్టర్ ఉంది. అందులో మీకు అందే అర్రేలోని (పోస్టు వివరాల జాబితాలోని) శీర్షిక, కంటెంట్, ఎక్సెర్ప్ట్ (సారాంశం)లను డబ్ల్యూపీ_కేసెస్_పోస్ట్ గుండా పంపి, ఆ అర్రేను తప్పక రిటర్న్ చేయండి. రిటర్న్ మరిస్తే పోస్టు సమాచారమంతా అక్కడే పోతుంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. ట్యాగులు పోయాయి, కానీ స్క్రిప్టు లోపలి కోడ్ మామూలు వాక్యాల్లాగా పోస్టు చివర కనబడుతోంది.

జవాబు 2

కేసెస్ ట్యాగును మాత్రమే తీస్తుంది, ట్యాగుల మధ్యనున్న పాఠ్యాన్ని ఉంచేస్తుంది. అందువల్ల అదే ఫంక్షన్‌లో ముందుగా స్క్రిప్ట్, స్టైల్ ట్యాగులను లోపలి కోడ్‌తో సహా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (పాఠ్యంలో ఒక నమూనాను వెతికే సూత్రంతో) తొలగించి, ఆ తరువాతే కేసెస్‌ను నడపండి. ఈ వరుస మారకూడదు; రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కన్నుగప్పి జారిపోయిన ట్యాగులను పట్టుకోవలసింది కేసెస్సే.

స్లాషుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఇంపోర్టరు ఈ ఫిల్టరు తరువాతే డేటాకు స్లాషులు (కొటేషన్ గుర్తుల వంటి వాటి ముందు పెట్టే బ్యాక్‌స్లాషులు) చేరుస్తుంది కాబట్టి ఇక్కడ డబ్ల్యూపీ_కేసెస్_పోస్ట్ సరిపోతుంది. ఎవరైనా పోస్టు సేవ్ అయ్యేముందు నడిచే కంటెంట్_సేవ్_ప్రీ ఫిల్టరును వాడమంటే, అక్కడికి వచ్చేది స్లాషులు చేరిన డేటా గనుక డబ్ల్యూపీ_ఫిల్టర్_పోస్ట్_కేసెస్ వాడాలి. ఈ రెండింటినీ తారుమారు చేసినందువల్ల నా పోస్టులలోని కోడ్ ఉదాహరణల నుంచి బ్యాక్‌స్లాషులు మాయమై, వాటిని మళ్లీ చేత్తో సరిచేయవలసి వచ్చింది.

జవాబు 3

పై సూచనలు పోస్టు పాఠ్యానికే వర్తిస్తాయి. మెటా డేటాను, అంటే పోస్టుతోపాటు విడిగా దాచే అదనపు వివరాలను, అవి ముట్టుకోవు. పేజ్ బిల్డర్లు (పేజీలను అమర్చే ప్లగిన్లు) పేజీ మొత్తాన్ని మెటాలోనే దాచడం మామూలే. ఇంపోర్టరు ఆ విలువలను అన్‌సీరియలైజ్ (పాఠ్యంగా దాచిన డేటాను తిరిగి అసలు రూపానికి తేవడం) కూడా చేస్తుంది కనుక, హ్యాకింగ్‌కు గురైన సైటు నుంచి వచ్చిన మెటాను గుడ్డిగా నమ్మకూడదు. ఇంపోర్ట్_పోస్ట్_మెటా_కీ ఫిల్టరులో, మీకు నిజంగా కావలసిన కీలను మాత్రమే యథాతథంగా తిరిగి ఇచ్చి, మిగతావాటికి ఫాల్స్ రిటర్న్ చేస్తే అవి లోపలికే రావు.

మరొక మాట. శీర్షిక, తేదీ రెండూ సరిపోలే పోస్టు ముందే ఉంటే ఇంపోర్టరు దాన్ని దాటవేస్తుంది. మీరు మొదట తెచ్చిన ఆ 20 పోస్టులు ట్రాష్‌లో ఉన్నా ఉన్నట్టే లెక్క. వాటిని శాశ్వతంగా తొలగించిన తరువాతే మళ్లీ ఇంపోర్ట్ చేయండి.