1967లో హాంగ్‌కాంగ్ నిలబడింది పోలీసుల వల్లా, చైనా అవసరం వల్లా?

ట్రామ్‌బండి:
1967 మేలో, బ్రిటన్ పాలనలో ఉన్న హాంగ్‌కాంగ్‌లో, సాన్ పో కాంగ్ అనే చోట ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలో కూలీల గొడవ మొదలైంది. అవతల చైనాలో మావో రేపిన సాంస్కృతిక విప్లవం. ఆ సెగ ఇటు తగిలి, ఇక్కడి కమ్యూనిస్టు మద్దతుదారులు వీధుల్లో బాంబులు పెట్టేదాకా వెళ్లింది, 51 మంది చనిపోయారు. నార్త్ పాయింట్‌లో బాంబుకు ఇద్దరు చిన్నపిల్లలు బలయ్యాక జనం పోలీసుల వైపు తిరిగారు. వ్యాపారుల్లో ధైర్యం తిరిగొచ్చింది పోలీసుల గట్టిదనం వల్లే అంటాను.

చిల్లరలెక్క:
పోలీసులు నిలబడ్డారు, కాదనను. కానీ చైనా నిజంగా కన్నెర్రజేస్తే ఎన్నాళ్లు ఆగేవారు? ఆ ఏడాది వానల్లేవు. ఒప్పందం ప్రకారం చైనా ఇవ్వాల్సిన నది నీళ్ల కోటా జూన్ చివరికే అయిపోయింది. ఇంకొంచెం ఇమ్మంటే బదులు లేదు. జులైలో నాలుగు రోజులకోసారి, అదీ నాలుగు గంటలే నీళ్లు. కుళాయి వచ్చే వేళకి ఇంట్లో ఉన్న బకెట్లు, డబ్బాలు అన్నీ వరసలో. ట్యాంకర్ కోసం ఎదురుచూసిన మన మెట్ట ఊళ్లవాళ్లకి ఆ టెన్షన్ తెలుసు. అక్టోబర్ 1న, ఒప్పందం తేదీకే, చైనా మళ్లీ నీళ్లు వదిలింది. హాంగ్‌కాంగ్ మీదుగా వచ్చే విదేశీ మారకం దానికి కావాలి మరి.

ట్రామ్‌బండి:
అంటే అంతా చైనా దయేనా?

చిల్లరలెక్క:
దయ కాదండీ, అవసరం. 1983 చూడండి. బాంబు లేదు, రాయి పడలేదు. హాంగ్‌కాంగ్‌లో ఎక్కువ భాగమైన న్యూ టెరిటరీస్‌ను బ్రిటన్ చైనా నుంచి తీసుకున్న 99 ఏళ్ల లీజు 1997లో తీరిపోతుంది, బ్రిటన్-చైనా చర్చలు తెమలడం లేదు. ఆ భయానికే సెప్టెంబర్ 24న అమెరికా డాలరు విలువ 9.6 హాంగ్‌కాంగ్ డాలర్లకు చేరింది. జనం బియ్యం కోసం దుకాణాల మీద పడ్డారు. దీన్ని ఏ పోలీసు ఆపగలడు? అక్టోబర్ 17న మారకం రేటును 7.80 దగ్గర కట్టేశాకే ఊపిరి పీల్చుకున్నారు.

పూలబుట్ట:
మీ ఇద్దరి లెక్కలోనూ కూలీ లేడు. అణచివేతతోనే సరిపోతే 1968లో కొత్త కార్మిక చట్టం ఎందుకు తెచ్చారు? జనం గోడు వినడానికి జిల్లాకో అధికారిని ఎందుకు పెట్టారు? 1971లో ప్రాథమిక చదువు ఉచితం ఎందుకు చేశారు? తన కింద బతికేవాళ్లే తనను నమ్మడం లేదని వలస ప్రభుత్వానికి అర్థమైంది కాబట్టే. ఆ పూల ఫ్యాక్టరీలో పని పోయిన కూలీల మాట మొదటి వారంలోనే విని ఉంటే, నార్త్ పాయింట్ పిల్లలు బతికి ఉండేవారేమో, చెప్పండి ట్రామ్‌బండి గారూ.