అప్‌డేట్: తిరుపతిలో మా ఇంటి సోలార్‌కు బ్యాటరీ పెట్టించాము

మేడమీది 3 కిలోవాట్ల సోలార్‌కు బ్యాటరీ అవసరమా, డబ్బు ఎలా సర్దుకోవాలి అని వేసవికి ముందు నేను అడిగిన ప్రశ్నకు ఓపికగా బదులిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

గ్రిడ్‌కు, అంటే కరెంటు సంస్థ లైన్‌కు, కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్, లైన్‌పై పనిచేసే సిబ్బందికి ప్రమాదం జరగకుండా, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది కనుక, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా మా అమ్మగారి ఆక్సిజన్ యంత్రం నడవదు. ఈ ఒక్క కారణమే మా నిర్ణయానికి చాలింది. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి తరచూ వాడితే త్వరగా దెబ్బతింటుందని తెలిసి, 5 యూనిట్ల కరెంటు నిల్వ చేసే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని, దానికి తగినట్టు, సోలార్‌తోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్‌ను తీసుకున్నాము. అందులో 80 శాతం వాడుకున్నా, సుమారు 350 వాట్ల యంత్రమూ ఒక ఫ్యానూ 8 గంటలు నడుస్తాయి. మన ఎండలకు బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుందని భయపడి, అమ్మినవారు చూపిన మేడమీది మెట్ల గదిలో కాక, కింద నీడపట్టున, గాలి ఆడే చోట పెట్టించాను.

ఇళ్ల మీది సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకం కింద వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ ప్యానెళ్ల వ్యవస్థకే తప్ప బ్యాటరీకి వర్తించదు. వర్తిస్తుందని మొదట ఒక అమ్మకందారు చెప్పిన మాట నమ్మి ఉంటే మా లెక్క పూర్తిగా తప్పేది. సగం సొమ్ము పొదుపు నుంచి, మిగతాది చీటీ పాడి కట్టాను.

మొన్న రాత్రి మెయిన్ స్విచ్ ఆపి పరీక్షించినప్పుడు యంత్రం ఆగకుండా నడిచింది, అమ్మ నిద్ర లేవలేదు.