డల్లాస్‌లో ప్రాప్ ఆర్ గెలిచింది కదా, మరి గంజాయి కేసుల భయం ఇంకా ఎందుకు?

ప్లానో_పావురం:
2024 నవంబర్‌లో టెక్సాస్‌లోని డల్లాస్ సిటీ ఓటర్లు ప్రాపొజిషన్ ఆర్ (ప్రాప్ ఆర్) అనే ప్రతిపాదనను దాదాపు 67 శాతంతో గెలిపించారు. నాలుగు ఔన్సుల లోపు గంజాయి దొరికితే డల్లాస్ పోలీసులు అరెస్టు చేయకూడదు, సైటేషన్ (కేసు నోటీసు) రాయకూడదు, వాసన వచ్చిందన్న కారణంతో సోదా చేయకూడదు అన్నది దాని సారాంశం. ఈ మాటను సిటీ చార్టర్‌లోనే, అంటే ఊరి సొంత రాజ్యాంగం లాంటి దాంట్లోనే చేర్చారు. అప్పట్నుంచి స్టూడెంట్ వాట్సాప్ గ్రూపుల్లో "డల్లాస్‌లో లీగల్ అయిపోయింది" అని ఒకటే ఫార్వర్డులు. ఇంకోపక్క స్టేట్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ అదే నెలలో సిటీ మీద దావా వేశారు. జనం ఓటేసి గెలిపించుకున్నదాన్ని ఆయన ఎలా ఆపగలరు? అసలు ఈ ఓటు విలువెంత? ఎఫ్-1, హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఏమైనా మారిందా? తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ వద్దు. చట్టం తెలిసినవాళ్లు చెప్పండి.

చార్టర్_చదువరి:
ముందు "లీగల్" అన్న మాట పక్కన పెట్టండి. గంజాయిని చట్టబద్ధం చేసే అధికారం ఏ సిటీ చార్టర్‌కూ లేదు. టెక్సాస్ చట్టం ఎక్కడిదక్కడే ఉంది: రెండు ఔన్సుల వరకు క్లాస్ బి మిస్‌డిమీనర్ (చిన్న నేరం), 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. రెండు నుంచి నాలుగు ఔన్సులైతే క్లాస్ ఎ, ఏడాది దాకా జైలు, 4,000 డాలర్లు. ప్రాప్ ఆర్ చెప్పిందల్లా "మా ఊరి పోలీసులు ఈ కేసుల జోలికి పోవద్దు" అని.

ఎందుకిలా డొంకతిరుగుడు అంటే, పౌరులే సంతకాలు సేకరించి రాష్ట్ర చట్టాన్ని బ్యాలెట్‌కు తెచ్చే పద్ధతి టెక్సాస్‌లో లేదు. కొలరాడోలో 2012లో, కాలిఫోర్నియాలో 2016లో జనం వెళ్లిన దారి అదే. ఇక్కడ మిగిలింది హోమ్ రూల్ ఒక్కటే. జనాభా 5,000 దాటిన ఊరు సొంత చార్టర్ రాసుకోవచ్చు, దాన్ని సవరించమని ఓటర్లు పిటిషన్ పెట్టొచ్చు. ఓటర్లలో 5 శాతం, లేదా 20,000 సంతకాలు, ఏది తక్కువైతే అది. డల్లాస్ అంత ఊళ్లో 20,000 చాలు. అయితే సంతకంతో పాటు పేరు, చిరునామా, తేదీ, పుట్టిన రోజు లేదా ఓటరు నంబరు ఉండాలి. సంతకం 180 రోజుల కంటే పాతదైనా, పక్క ఊరి ఓటరుదైనా కొట్టేస్తారు. అందుకే పిటిషన్ నడిపేవాళ్లు కావలసినదానికంటే చాలా ఎక్కువ పోగేస్తారు. ఒకసారి చార్టర్ సవరించాక మళ్లీ రెండేళ్లు ఆగాలి, కాబట్టి రాతలో తప్పు దొర్లితే వెంటనే దిద్దుకునే వీలు కూడా లేదు.

మెలిక ఎక్కడంటే, టెక్సాస్ రాజ్యాంగం 11వ అధికరణం 5వ సెక్షన్ ప్రకారం సిటీ చార్టర్ రాష్ట్ర చట్టానికి విరుద్ధంగా ఉండకూడదు. లోకల్ గవర్నమెంట్ కోడ్ 370.003 ఇంకా సూటిగా ఉంటుంది: డ్రగ్ చట్టాలను పూర్తిగా అమలు చేయబోమనే విధానం ఏ సిటీ పెట్టుకోకూడదు. పాక్స్‌టన్ వాదనకు బలం ఇవే. పోలీసుల సమయాన్ని ముందు దేనికి వాడాలో తేల్చుకోవడం మా పని, మేమేమీ చట్టాన్ని మార్చలేదు కదా అన్నది సిటీల వాదన.

ఇందులో డల్లాస్ మొదటిది కాదు. 2022లో ఆస్టిన్, డెంటన్, సాన్ మార్కోస్, కిలీన్, ఎల్గిన్ ఇలాంటివే గెలిపించాయి. ఆస్టిన్‌లో 85 శాతం దాకా వచ్చింది. 2024 జనవరిలో ఈ అయిదు ఊళ్ల మీదా స్టేట్ దావా వేసింది. ఆస్టిన్, సాన్ మార్కోస్ కేసుల్ని కింది కోర్టులు కొట్టేశాయి, కానీ 2025 ఏప్రిల్‌లో పదిహేనో అప్పీల్ కోర్టు వాటిని తిరగేసి స్టేట్ పక్షాన నిలిచింది. ఓటు శాతం ఎంతన్నది ఈ లెక్కలోకే రాదు.

ఇర్వింగ్_చాయ్:
అన్నా, ఆ ఫార్వర్డులు చేసేటోళ్లకు ఒక్క మ్యాప్ చూపెట్టు, చాలు. ప్రాప్ ఆర్ డల్లాస్ పోలీస్ డిపార్ట్‌మెంట్‌కే. ఇర్వింగ్, ప్లానో, ఫ్రిస్కో, రిచర్డ్‌సన్ అన్నీ వేరే ఊర్లు, వేరే పోలీసులు. మనోళ్లు ఎక్కువ ఉండేదే ఆ ఊర్లల్ల! హైవే మీద ఆపేది స్టేట్ ట్రూపర్. డార్ట్ (ఇక్కడి సిటీ రైలు, బస్సు సంస్థ) రైల్ల డార్ట్ పోలీసులు, డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టుల వాళ్ల సొంత పోలీసులు. వీళ్లెవ్వలికీ ఆ చార్టర్ మాట పట్టదు.

డల్లాస్ కౌంటీ డీఏ (కేసులు నడిపే ప్రభుత్వ ప్రాసిక్యూటర్) 2019లనే మొదటిసారి దొరికిన చిన్న కేసులు నడపనన్నడు. అది కౌంటీ మాట కాబట్టి ఇర్వింగ్‌కు గూడ వస్తది. కానీ కేసు నడపకపోవుడు వేరు, అరెస్టు కాకపోవుడు వేరు. వేలిముద్రలు పడ్డంక రికార్డు రికార్డే. నాలుగు ఔన్సుల లోపైతే జైలుకు తోలకుండ కాయితం రాసిచ్చి పంపొచ్చని స్టేట్ చట్టంలనే ఉన్నది, 2007 సంది. అదిగూడ ఆ కౌంటీల ఉండేటోళ్లకే, పోలీసాయన ఇష్టం మీద.

ఫారం_ఎన్400:
వీసా ప్రశ్నకు జవాబు: ఏమీ మారలేదు. ఇమిగ్రేషన్ మొత్తం ఫెడరల్ చట్టం. దాని దృష్టిలో డల్లాస్ ఓటుకే కాదు, కొలరాడో ఓటుకూ విలువ లేదు.

ఇందులో రెండు వేర్వేరు గేట్లు ఉన్నాయి, జనం కలిపేస్తుంటారు. ఒకటి డిపోర్టబిలిటీ, అంటే లోపల ఉన్నవాళ్లని పంపేయడం. దీనికి సాధారణంగా కన్విక్షన్ (కోర్టులో నేరం రుజువై దోషిగా తేలడం) కావాలి. సొంత వాడకానికి 30 గ్రాములు, అంతకంటే తక్కువ ఉన్న ఒకే ఒక్క కేసుకు మినహాయింపు ఉంది. ఇక్కడ ఔన్సుల లెక్క చూసుకోండి. ఒక ఔన్సు 28.35 గ్రాములు. ప్రాప్ ఆర్ చెప్పే నాలుగు ఔన్సులు 113 గ్రాములు. సిటీ "పర్లేదు" అన్న బరువుకూ ఫెడరల్ మినహాయింపుకూ దాదాపు నాలుగు రెట్ల తేడా.

రెండోది ఇన్‌అడ్మిసిబిలిటీ, అంటే లోపలికి రానివ్వకపోవడం. ఇక్కడ ఆ 30 గ్రాముల మినహాయింపు లేదు. కొద్దిమందికి దొరికే వేవర్ (ప్రత్యేక సడలింపు) ఒకటి ఉంది, అంతే. పైగా దీనికి కన్విక్షన్ కూడా అక్కర్లేదు. నేరానికి సంబంధించిన అంశాలన్నీ అధికారి ముందు ఒప్పుకుంటే చాలు. హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్‌కు వెళ్లేటప్పుడు నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంది, డ్రగ్ చట్టాలను ఎప్పుడైనా ఉల్లంఘించారా అన్న ప్రశ్న విడిగా ఉంది. అబద్ధం రాస్తే అది ఇంకో నేరం, దాని శిక్ష దానిదే. అంటే ఇక్కడ ఉన్నంతకాలం బాగానే గడిచిపోయి, చెల్లి పెళ్లికి ఇంటికి వెళ్లొచ్చేటప్పుడు ఇరుక్కుంటారు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది డిఫర్డ్ అడ్జుడికేషన్, అంటే తీర్పును వాయిదా వేసి, షరతులు పాటిస్తే కేసు కొట్టేయడం. టెక్సాస్ లాయర్ "ఇది కన్విక్షన్ కిందికి రాదు" అంటాడు, రాష్ట్ర చట్టం ప్రకారం నిజమే. కానీ నేరం ఒప్పుకున్నా, నో కాంటెస్ట్ (ఒప్పుకోను, వాదించను) అన్నా, దాని మీద ప్రొబేషన్ లాంటి ఏ షరతు పడినా ఇమిగ్రేషన్‌కు అది కన్విక్షనే. ప్లీ (నేరం ఒప్పుకుంటావా లేదా అన్న జవాబు) అడక్కుండా, నేరం ఒప్పుకుంటూ సంతకం పెట్టించకుండా, విచారణకు ముందే కేసును పక్కకు మళ్లించే ప్రీట్రయల్ డైవర్షన్ సంగతి వేరు. క్రిమినల్ లాయర్ చెప్పాడని సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌కు ఆ కాగితం చూపించాలి. తర్వాత చూపిస్తే చేసేదేం ఉండదు.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకూ ఒక మాట. 2019 ఏప్రిల్‌లో యూఎస్‌సీఐఎస్ (ఫెడరల్ ఇమిగ్రేషన్ సంస్థ) ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం రాష్ట్రంలో లీగల్ అయినా సరే గంజాయి వాడకం, ఆ వ్యాపారంలో ఉద్యోగం పౌరసత్వానికి అడ్డం రావచ్చు. గంజాయిని ఫెడరల్ డ్రగ్ జాబితాలో తక్కువ కఠినమైన షెడ్యూల్ 3కి మార్చాలని 2024 మేలో ప్రతిపాదన వచ్చింది కదా అంటారు. షెడ్యూల్ 3లో ఉన్నది కూడా కంట్రోల్డ్ సబ్‌స్టెన్సే (చట్టం నియంత్రించే మందే), వీసా లెక్క మారదు.

ఇంకోటి, సిటీ పిటిషన్ల మీద సంతకం పెట్టడం కూడా పౌరులైన ఓటర్ల పనే. షాపు బయట క్లిప్‌బోర్డు పట్టుకుని అడుగుతారు, మొహమాటానికి సంతకం పెట్టకండి.

కోనసీమ_కౌంటర్:
చదువరి గారు చెప్పింది సరే, కానీ నాకు పాక్స్‌టన్ కంటే పిటిషన్ రాసినవాళ్ల మీదే కోపం. ఇవ్వలేనిదాన్ని బ్యాలెట్ మీద పెట్టి 67 శాతం వచ్చిందని సంబరపడితే నష్టపోయేది ఆ ఫార్వర్డ్ నమ్మిన కుర్రాడే.

చట్టాన్నే మార్చే ఓటు ఎలా ఉంటుందో మసాచుసెట్స్‌లో చూడండి. 2008లో క్వశ్చన్ 2: ఔన్సు లోపు ఉంటే క్రిమినల్ కేసు లేదు, 100 డాలర్ల సివిల్ జరిమానా. 65 శాతంతో గెలిచింది, అమలైంది. రాష్ట్రం మొత్తానికీ ఒకే మాట కాబట్టి ఏ పోలీసు అన్న ప్రశ్నే లేదు.

రాష్ట్రస్థాయి ఓటైనా డ్రాఫ్టు చెడితే గోవిందా. సౌత్ డకోటాలో 2020లో 54 శాతం ఒప్పుకున్న గంజాయి సవరణను, ఒకటికి మించి విషయాలు కలిపారని అక్కడి సుప్రీంకోర్టు 2021లో కొట్టేసింది. మిసిసిపీది మరీ చోద్యం. ఏ ఒక్క కాంగ్రెస్ నియోజకవర్గం నుంచీ అయిదో వంతుకు మించి సంతకాలు లెక్కించరాదని రాజ్యాంగంలో ఉంది. ఆ రాసింది అయిదు నియోజకవర్గాల కాలంలో, 2000 జనాభా లెక్కల తర్వాత మిగిలినవి నాలుగే. నాలుగు అయిదో వంతులు కలిపితే ఎప్పటికీ నూరు శాతం కాదు. మెడికల్ గంజాయి ఓటు గెలిచినా 2021 మేలో ఆ లెక్కతోనే పోయింది. ఫ్లోరిడాలో రాజ్యాంగ సవరణకు 60 శాతం కావాలి. 2024లో దాదాపు 56 వచ్చి ఓడిపోయింది.

న్యూజీలాండ్ 2020లో ఓటుకు ముందే బిల్లు మొత్తం ప్రచురించింది. వయసు 20, రోజుకు 14 గ్రాముల కొనుగోలు, మనిషికి రెండు మొక్కలు, ఇంటికి నాలుగు. 50.7 శాతం వద్దన్నారు, 48.4 శాతం అవునన్నారు. ఓడితే ఓడింది, ఓటరుకు దేనికి ఓటేస్తున్నాడో తెలుసు.

ప్లానో_పావురం:
అందరికీ థాంక్సండీ. ఆఖరి సందేహం. గ్రూపులో ఒకరు "వేప్ పెన్, గమ్మీలు అయితే ఆకు కూడా ఉండదు, ఇంకా సేఫ్" అంటున్నారు?

చార్టర్_చదువరి:
సరిగ్గా ఉల్టా. ప్రాప్ ఆర్ మాట్లాడేది మిస్‌డిమీనర్ స్థాయి గంజాయి గురించే. గంజాయి నుంచి తీసిన టీహెచ్‌సీ (మత్తునిచ్చే పదార్థం) నూనె, దాంతో చేసిన తినుబండారాలు టెక్సాస్‌లో పెనాల్టీ గ్రూప్ 2 (ఆకుకంటే కఠినమైన శిక్షలున్న జాబితా), మొదటి గ్రాము నుంచే ఫెలనీ (పెద్ద నేరం). గ్రాము లోపున్నా స్టేట్ జైలు ఫెలనీ: 180 రోజుల నుంచి రెండేళ్లు, 10,000 డాలర్ల దాకా జరిమానా. తూచేది టీహెచ్‌సీ ఒక్కదాన్నే కాదు, కలిపిన సరుకంతా. 100 గ్రాముల బ్రౌనీలో మందు చిటికెడే ఉన్నా లెక్కకు వచ్చేది 100 గ్రాములు, అంటే 4 నుంచి 400 గ్రాముల మధ్య, సెకండ్ డిగ్రీ, రెండు నుంచి ఇరవై ఏళ్లు. కొలరాడోలో రసీదుతో కొన్నదైనా రాష్ట్ర సరిహద్దు దాటించారంటే పైన ఫెడరల్ కేసు కూడా. 0.3 శాతం లోపు డెల్టా-9 టీహెచ్‌సీ ఉన్న హెంప్ (గంజాయి జాతి మొక్కే) సరుకు 2019లో వేరే చట్టం కిందికి వచ్చింది. కానీ చూపుకు, వాసనకు రెండూ ఒకటే. తేడా తేల్చేది ల్యాబ్, ఆ రిపోర్టు వచ్చేది మాత్రం అరెస్టు అయిపోయాక.