దోసకాయ వరుగులకు బూజు పట్టకుండా ఏం చేయాలి?

చేవెళ్ల దగ్గర మా అత్తగారి ఊళ్లో పెరటి తోట ఉంది. ఈ ఎండాకాలం దోసకాయలు, గోరుచిక్కుడు విరగకాశాయి. హైదరాబాద్ తెచ్చుకుని, పక్క ఫ్లాట్ల వాళ్లకు పంచినా ఇంకా మిగులుతున్నాయి. దోసకాయ పప్పు అంటేనే మా పిల్లలు పారిపోతున్నారు!

గోరుచిక్కుడు ఉడికించి ఆరబెడితే వరుగులు బాగానే వచ్చాయి. దోసకాయతోనే తంటా. ముక్కలకు ఉప్పు పట్టించి రెండు రోజులు బాల్కనీలో పెట్టాను, అక్కడ ఎండ పదింటిదాకానే. పైకి ఎండినట్టే ఉన్నాయి, డబ్బాలో పోసిన వారానికే బూజు. డాబా మీద పెడదామంటే సాయంత్రం వాన టెన్షన్.

"గలగలమనేదాకా ఎండాలె" అంటుంది అత్తమ్మ. అలా కావాలంటే ఎన్ని రోజులు పడుతుంది? కిలోకి ఉప్పు ఎంత? గింజలు తీసేయాలా? ఒవెన్‌లో సన్న వేడి మీద ఎండబెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. శనివారం ఇంకో పది కిలోలు వస్తున్నాయి.