కుంకుడు రసంతో తెల్లచొక్కాలు రంగు మారాయి, ఏం చేయను?

ప్రశ్న:
మూడు నెలలుగా డిటర్జెంట్ మానేసి కుంకుడు రసంతోనే వాషింగ్ మెషీన్ వేస్తున్నాను. ఉతికిన నీళ్లు పెరట్లో అరటికి పోవాలని నా ఆశ. రాత్రి కాయలు నానబెట్టి, పొద్దున ఉడికించి, పిసికి, పాత పంచెలో వడకడతాను. ఇంట్లో కట్టుకునే చీరలు బాగానే వస్తున్నాయి. బాబు స్కూలు చొక్కాలకే కాలర్ దగ్గర నల్లగీత వదలట్లేదు, తెలుపు కాస్తా గోధుమరంగుకు తిరిగింది. మిగిలిన రసం నాలుగు రోజులకే పులిసి వాసన కొట్టింది. మానేయడానికి మనసొప్పట్లేదు. ఎవరైనా దీంతోనే నెట్టుకొస్తున్నారా?

జవాబు:
నేనూ చేశానక్కా. కుంకుడులో నురగనిచ్చేది సపోనిన్. అది తేలికపాటి మురికినే లాగుతుంది. డిటర్జెంట్ పొడుల్లో కలిపే ఎంజైములు, తెలుపుదనం ఇచ్చే పదార్థాలు ఇందులో ఉండవు. పైగా రసానికే రంగుంది. పట్టుకి, ఉన్నికి మాత్రం నేనిప్పటికీ కుంకుడే వాడతాను.

జవాబు:
రసాన్ని ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి, పులవదు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న కాలర్‌కి బట్టల సబ్బు రుద్ది అరగంట నానబెట్టాను. గీత పోయింది. ఆ నీళ్లు మాత్రం అరటికి పోయలేదు, చేతులు రాలేదు.