క్రిస్మస్ విందు డెకరేషన్: పాత బంగళా, మేకు వద్దు, టేపు వద్దు

డెకరేషన్ కో-ఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఇక్కడ నార్త్ కరోలినాలో మన తెలుగు సంఘం క్రిస్మస్ విందుకి స్కూల్ ఆడిటోరియం ఈసారి దొరకలేదని తెలుసు కదా, దాని బదులు ఊరి మధ్యలో ఉన్న తెల్ల స్తంభాల పాత బంగళా ఖాయమైంది, నాకైతే లాటరీ తగిలినట్టే ఉంది. నిన్న సాయంత్రం మా ఆయన్ని లాక్కెళ్లి మరీ చూసొచ్చాను. తలుపు తీయగానే ఎదురుగా వెడల్పాటి చెక్క మెట్లు, సగం ఎక్కాక ఎడమకి తిరుగుతాయి, ఆ మలుపులో రంగుటద్దాల కిటికీ. కింద రెండు పెద్ద గదులు, రెండింటిలోనూ చెక్కడపు పనితో ఫైర్‌ప్లేస్‌లు, అవి ఇప్పుడు వాడట్లేదు, మూసేశారు. కప్పు ఎత్తు 11 అడుగులు.

బంగళావాళ్లు రూల్స్ రాసి రెండు పేజీల కాగితం ఇచ్చారు. అది చదవకుండా ఎవరూ ఏమీ కొనొద్దు, ప్లీజ్. గోడకి గానీ చెక్కకి గానీ మేకు, పిన్ను, ఏ రకం టేపూ అంటకూడదు. కొవ్వొత్తులు, దీపాలు, అగరొత్తులు ఏవీ వెలిగించకూడదు. మెరుపు పొడి, ముగ్గు పొడి వద్దు. లోపల పచ్చి ఆకు, పచ్చి కొమ్మ వద్దు. ఉన్న కుర్చీలూ బల్లలూ జరపకూడదు. మధ్యాహ్నం రెండింటికి తాళం ఇస్తారు, విందు ఆరింటికి, రాత్రి పదకొండుకల్లా ఖాళీ చేసి, వాళ్లు వచ్చి చూసుకుని సరే అన్నాకే డిపాజిట్ వెనక్కి.

అంటే చేతిలో ఉన్నది నాలుగు గంటలు. రెండింటికి రమ్మంటే మనవాళ్లు నాలుగింటికి వస్తారని నాకు తెలుసు, అందుకే ఇప్పటినుంచే చెప్తున్నా.

ఫుడ్ టీమ్:
అక్కా, పచ్చి ఆకు వద్దంటే బంతిపూల దండలూ వద్దనేనా? గుమ్మానికి మామిడాకులైనా లేకుండా ఎలా?

డెకరేషన్ కో-ఆర్డినేటర్:
లోపల వద్దు, బయట వరండాలో పెట్టుకోవచ్చన్నారు. నేనూ ఇదే అడిగాను, బంగళా చూపించిన ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పచ్చి కొమ్మలతో పాటు చిన్న చిన్న పురుగులు వస్తాయట, అవి పాత కర్టెన్లలోకి, ఉన్ని తివాచీల్లోకి చేరితే మనం వెళ్లిపోయాక ఆర్నెల్లకి తెలుస్తుంది. పూలూ అంతే, తడి బంతిపూల రెక్క చెక్క నేల మీద పడి ఎవరైనా తొక్కితే ఆ పసుపు మరక పోదు. మన చీరలకి పడితే పోతుందా, ఇదీ అంతే. కాబట్టి తోరణం బయటి గుమ్మానికే, అది కూడా స్తంభానికి గుడ్డ పేలిక చుట్టి దాని మీద కట్టాలి.

ట్రెజరర్:
నా వంతు ఒక్క మాట. మూడేళ్ల కిందట ఒక హాల్లో బ్యానర్ అంటించిన టేపు పీకితే దానితో పాటు అరచేతి వెడల్పున గోడ రంగు ఊడొచ్చింది. డిపాజిట్‌లో సగం అక్కడే పోయింది. ఆ టేపు అంటించింది నేనే, అందుకే పేర్లు చెప్పట్లేదు.

యూత్ వాలంటీర్:
అక్కా, మెట్ల దగ్గర బెలూన్ ఆర్చ్, పెద్ద ఫైర్‌ప్లేస్ ముందు స్పాన్సర్ల లోగోలతో ఫ్లెక్సీ స్టాండ్, దాని ముందు ఫోటో బూత్ అనుకున్నాం. స్టాండ్ కాబట్టి గోడకి ఏమీ తగలదు. ఓకేనా?

డెకరేషన్ కో-ఆర్డినేటర్:
గోడకి తగలదు గానీ కంటికి తగులుతుంది నాన్నా! ఆ ఫైర్‌ప్లేస్ మీద ద్రాక్ష గుత్తులు చెక్కారు, ఒక్కొక్క పండూ విడిగా కనిపిస్తుంది. దాని ముందు ఫ్లెక్సీ పెట్టడానికైతే ఆ స్కూల్ ఆడిటోరియమే నయం. స్పాన్సర్ల లోగోలు వరండాలో పెడదాం, లోపలికొచ్చే ప్రతి ఒక్కరూ అక్కడే ఆగి చెప్పులు, కోట్లు సర్దుకుంటారు, ఇంకా బాగా కనిపిస్తాయి.

నేను ఇంత పట్టుదలగా ఎందుకున్నానో చెప్తా, కొంచెం పొడుగు, టీ పెట్టుకుని చదవండి. పోయినేడు క్రిస్మస్ సెలవుల్లో యాష్‌విల్‌లో బిల్ట్‌మోర్ అనే పాత మహల్ చూడ్డానికి వెళ్లాం, షార్లెట్ నుంచి రెండున్నర గంటలు. జార్జ్ వాండర్‌బిల్ట్ అనే ఆయన 1889లో మొదలుపెట్టి ఆరేళ్లు కట్టించిన ఇల్లు, 250 గదులు, 65 ఫైర్‌ప్లేస్‌లు. ఇంటివాళ్లని, చుట్టాలని మొదటిసారి పిలిచింది 1895 క్రిస్మస్ ముందు రోజున. అంటే ఆ ఇంట్లో మొదటి పండగే క్రిస్మస్, మనవాళ్లు గృహప్రవేశానికి ముహూర్తం చూసుకున్నట్టు ఆయన ఈ పండగ చూసుకున్నాడనుకున్నా. అక్కడ పనిచేసేవాళ్ల పిల్లలకి చెట్టు కింద కానుకలు పెట్టి పంచే అలవాటు కూడా ఉండేదట.

అక్కడి భోజనాల హాల్ కప్పు 70 అడుగుల ఎత్తు. అందులో క్రిస్మస్ చెట్టుగా 35 అడుగుల నిజమైన ఫ్రేజర్ ఫర్ నిలబెడతారు. చదివితే అమ్మో అనిపిస్తుంది గానీ, అక్కడ నిలబడి చూస్తే ముందు కంటికి ఆనేది హాలే, తర్వాతే చెట్టు. ఎందుకా అని చాలాసేపు చూశా, మా పిల్లలు విసుక్కున్నారు కూడా. చెట్టు కప్పు ఎత్తులో సగమే! పైన సగం ఖాళీగా వదిలేశారు. ఇంటిని వాళ్లు కప్పేయలేదు. మనం అయితే ఆ ఖాళీలో నాలుగు జరీ దండలు, రెండు డిస్కో లైట్లు వేలాడదీసి ఉండేవాళ్లం, నేనే ముందుండేదాన్ని.

కాబట్టి నా మాట ఇదీ. మన కప్పు 11 అడుగులు, లోపలి చెట్టు 7 అడుగులు దాటొద్దు. అదీ ఆర్టిఫిషియల్. మెట్లకి ఒక దండ, రెండు ఫైర్‌ప్లేస్‌ల మీద చెరో వరస, కిటికీకి ఒక్క నక్షత్రం. అన్నీ ఒకే పసుపు వెలుగు లైట్లు. రంగులు మారుతూ టిక్కు టిక్కు మనేవి ఇంట్లో పెట్టుకోండి, ఇక్కడొద్దు.

యూత్ వాలంటీర్:
సరే అక్కా. బెలూన్లు?

డెకరేషన్ కో-ఆర్డినేటర్:
పిల్లల చేతికి ఇద్దాం, బయట.

ట్రెజరర్:
35 అడుగుల చెట్టు అడగనందుకు సంతోషం. నిజం చెట్టు ఒక్కటైనా లేకపోతే ఎలా అని మా ఇంట్లో అడుగుతున్నారు. నార్త్ కరోలినాలో ఉండి ప్లాస్టిక్ చెట్టా అని.

డెకరేషన్ కో-ఆర్డినేటర్:
వరండాలో పెడదాం, నిజం చెట్టే. ఫ్రేజర్ ఫర్ పుట్టిందే ఈ అప్పలాచియన్ కొండల్లో, జాన్ ఫ్రేజర్ అనే స్కాట్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడి పేరు దానిది. మన పిల్లల ఎత్తు దాటి ఆరేడడుగులు పెరగడానికి పదేళ్ల దాకా పడుతుంది, కొట్టాక కూడా ఆకు తొందరగా రాలదు, అందుకే అందరూ దాన్నే అడుగుతారు. తెచ్చేవాళ్లకి ఒక్క మాట: స్టాండ్‌లో పెట్టే ముందు మొదలు దగ్గర ఒక అంగుళం కోయించండి, బంక గట్టిపడి ఉంటే నీళ్లు పీల్చదు. తర్వాత రోజూ నీళ్లు చూసుకోవాలి, విందుకి రెండు రోజుల ముందు వరండాలో దింపనిస్తామన్నారు కాబట్టి ఆ డ్యూటీ ఎవరిదో చెప్పండి.

కరెంట్ విషయం కూడా ఇక్కడే. పాత ఇల్లు, పాత వైరింగ్. ఎవరి అటక మీదైనా పాతకాలం సీరియల్ సెట్లు ఉంటే దయచేసి తేవద్దు. 100 బల్బుల పాత సెట్ 40 వాట్ల దాకా లాగుతుంది, ఎల్ఈడీ అయితే ఐదారు వాట్లు, వేడీ ఉండదు.

మెదక్ ఆంటీ:
అమ్మా, అంతా చదివాను. చాలా బాగుంది. నక్షత్రం అన్నావు కదా, కొనకు. నేను చేస్తాను.

మా ఊరి చర్చి గురించి మీ అందరికీ తెలిసే ఉంటుంది. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ అనే ఇంగ్లీషు మిషనరీ దొర పదేళ్లు కట్టించిన గుడి అది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. క్రిస్మస్ రోజు తెల్లవారకముందే ఆరాధన, మంచు పడుతుంటే రగ్గులు కప్పుకుని పోయేవాళ్లం, ఆవరణ అంతా జనం. లోపల అద్దాల మీద బొమ్మలు, పొద్దు ఎక్కాక ఆ రంగులు వెలుగుతాయి. అక్కడా ఆ అద్దాల ముందు ఎవరూ ఏమీ వేలాడదీయరు. నువ్వు చెప్పిన మెట్ల మలుపు కిటికీ కూడా అలాగే వదిలెయ్యమ్మా. నక్షత్రం వరండాలో కట్టు, దారిలో పోయేవాళ్లకి కనబడాలి. మా ఇళ్లల్లో నక్షత్రం ఎప్పుడూ ఇంటి బయటే, మేడ మీదో చెట్టు మీదో.

చేసే పద్ధతి: సమానంగా ఉన్న పది వెదురు పుల్లలు. తోటల్లో టమాటా మొక్కలకి ఆసరా పెట్టేవి ఇక్కడ దొరుకుతాయి, మూడడుగులవి తీసుకోండి. ఐదు పుల్లలతో ఒక చుక్క, ఐదింటితో ఇంకో చుక్క, దారంతో కట్టాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ కలిపి బిగించి కట్టాలి. తర్వాత మధ్యలో పుల్లలు దాటుకునే ఐదు చోట్లా జానెడు పుల్ల ముక్క అడ్డం దోపితే పొట్ట ఉబ్బుతుంది. అప్పుడు టిష్యూ పేపర్, మైదా ఉడికించిన జిగురుతో. ఒక మూల అంటించకుండా వదలాలి, బల్బు పెట్టడానికి చెయ్యి పట్టాలి కదా. పిల్లల్ని శనివారం మా ఇంటికి పంపండి, గ్యారేజ్‌లో కూర్చోబెట్టి చేయిస్తా. జిగురు తింటే తిననీయండి, మైదానే.

డెకరేషన్ కో-ఆర్డినేటర్:
ఆంటీ, కిటికీ మాట మీరన్నదే కరెక్టు, నేనే తప్పాను. దానికి ఏమీ పెట్టం. నక్షత్రాలు మూడు చేద్దామా, వరండాకి?

మెదక్ ఆంటీ:
ఒకటి చాలమ్మా. తూర్పున జ్ఞానులకి కనపడింది ఒక్కటే కదా.

కొత్త మెంబర్:
నమస్తే, మేం ఆగస్టులో వచ్చాం. మేం క్రిస్టియన్స్ కాదు, రావొచ్చా, పని చెయ్యొచ్చా అని అడుగుతున్నా. మా గుంటూరులో పక్కింటివాళ్లు ఏటా కేకు, అరిసెలు పంపేవాళ్లు, పిల్లలకి అదే గుర్తు.

ట్రెజరర్:
అమ్మా, సంక్రాంతికి మా చర్చి వాళ్లంతా వచ్చి గొబ్బెమ్మలు పెడతారు, ఇదేం ప్రశ్న. మీరు పొడుగ్గా ఉంటారా? నిచ్చెన ఆరడుగులకి మించి తేవద్దన్నారు.

ఫుడ్ టీమ్:
అరిసెలు మేం చేస్తున్నాం. పులుసులు, పసుపు ఉన్నవి అన్నీ వెనక టెంట్‌లోనే, లోపలికి కేకు, పొడి తినుబండారాలు, నీళ్లు మాత్రమే. బిర్యానీ ప్లేటు పట్టుకుని మెట్ల మీద కూర్చునేవాళ్లని ఆపడానికి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. కోపంగా కనిపించేవాళ్లయితే మేలు.

డెకరేషన్ కో-ఆర్డినేటర్:
మా అత్తయ్యగారిని అడుగుతా.

ఇక మెట్ల దండ, దీన్ని ఎవరికీ వదలను గానీ నాకు ఇద్దరు సాయం కావాలి. ఇంటి దగ్గరే రిహార్సల్ చేశాను. ముందు రెయిలింగ్ మీద తెల్ల ఫ్లానెల్ గుడ్డ పట్టీ, బెత్తెడు వెడల్పు, కట్టే ప్రతిచోటా ఒక చుట్టు. దాని మీద దండ. దండ లోపల ఉండే ఇనప తీగ కొస ఎక్కడా చెక్కకి తగలకూడదు, ప్రతి కొసా వెనక్కి మడిచి నొక్కాలి, ఇది నిజంగా ముఖ్యం, ఒక్క గీత పడితే నూరేళ్ల పాలిష్ పోతుంది. కట్టడానికి ఉన్ని దారం, జిప్ టైలు కాదు, విప్పేటప్పుడు కత్తెర పెడితే చెక్క కోసుకుంటుంది. ప్రతి నాలుగో ఊచకి ఒక కట్టు, మధ్యలో కొంచెం వేలాడనివ్వాలి. చేతి పట్టు ఉండే పక్క కాకుండా బయటి పక్కకి కడదాం, పెద్దవాళ్లు పట్టుకుని ఎక్కాలి కదా.

ఇన్ని రూల్స్ మధ్య కుదురుతుందా అని అనుమానమున్నవాళ్లకి ఇంకొకటి. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను యాష్‌విల్‌ని ఏం చేసిందో చూశాం, మన సంఘం తరఫున నీళ్ల సీసాలు పంపాం కూడా. ఆ ఏడాదీ బిల్ట్‌మోర్ నవంబర్ 2న తలుపులు తెరిచి క్రిస్మస్ చెట్లు పెట్టింది. మనకి అడ్డం వచ్చింది రెండు పేజీల కాగితం మాత్రమే.

రెండింటికి తాళం దగ్గర కలుద్దాం. సాక్సుల్లో తిరగాలి, బూట్లు వద్దు. పని మొదలుపెట్టే ముందు ప్రతి గదికీ నాలుగు మూలల నుంచి ఫోటోలు తీయాలి, ఉన్న గీతలు ఉన్నట్టు రికార్డులో ఉండాలి, అది ట్రెజరర్ గారి పని.

ట్రెజరర్:
తీస్తా. టేపు తేనా?

డెకరేషన్ కో-ఆర్డినేటర్:
కొలిచేదైతే తెండి.