2017 లాప్‌టాప్: ఎస్‌ఎస్‌డీ వేయించి నడపాలా, పక్కన పెట్టి కొత్తది కొనాలా?

కొర్లగుంట_వాసి
మాది తిరుపతి. ఇంట్లో 2017లో కొన్న లాప్‌టాప్ ఉంది. ఐ3 6006యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి, కాఫీ పెట్టుకుని వచ్చేసరికి కూడా ఇంకా చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. నేను కొద్దిమంది చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేస్తాను, టాలీలో పద్దులు రాస్తాను. డిగ్రీ చదివే మా అమ్మాయి సాయంత్రం అదే లాప్‌టాప్ మేడమీద గదికి తీసుకెళ్ళి క్లాసుల వీడియోలు చూస్తుంది. అవి మధ్యమధ్యలో ఆగిపోతున్నాయని రోజూ గొడవ.

ఒక షాపులో "హార్డ్ డిస్కు తీసేసి చిప్‌లతో నడిచే ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేస్తే ఐదేళ్ళు ఢోకా లేదు, 7,500 అవుతుంది" అన్నారు. ఇంకో షాపాయన మూత కూడా తెరవకుండా "దీనికి విండోస్ 11 రాదు, ఎందుకు సార్ డబ్బులు తగలేసుకుంటారు" అని 42,000 లాప్‌టాప్ చూపించాడు. ఇద్దరూ అమ్ముకునేవాళ్ళే. వాడేవాళ్ళ మాట వినాలని ఇక్కడ అడుగుతున్నా.

రిచీస్ట్రీట్_రాజు
కొత్తది వద్దు సామీ. మీ బండిలో నెమ్మదిగా ఉన్నది ప్రాసెసర్ కాదు, ఆ హార్డ్ డిస్కు. లాప్‌టాప్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5,400 చుట్లు తిరిగేవి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ళు చదవాలంటే సెకనుకి వందకు అటూఇటూ మాత్రమే అందుకోగలవు. మామూలు సాటా రకం ఎస్‌ఎస్‌డీ కూడా వేలల్లో చదువుతుంది. విండోస్ స్టార్టయ్యేటప్పుడు జరిగేదంతా ఈ చిన్న ఫైళ్ళ పనే. టాలీకి, జీఎస్టీ పోర్టల్‌కి రెండు కోర్ల ఐ3 చాలు.

సప్తగిరి రైలు ఎక్కి చెన్నై వెళ్ళి, ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌లో రేటు కనుక్కోండి, ఇక్కడ చెప్పిన 7,500లో ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది.

చిత్తూరు_లెక్కల_మాస్టర్
రాజు గారూ, వేగం గురించి మీరన్నది నిజమే. కానీ అసలు ప్రశ్న అది కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు, 7వ తరంలో ఒకటీ అరా తప్ప. 6006యూ 6వ తరం. అంటే 7,500 పెట్టి వేగంగా స్టార్టయ్యే, తలుపు గడియ లేని ఇల్లు తయారు చేసుకుంటున్నారు. మీ ఒక్కరి ఫోటోలే ఉంటే నేనేమీ అనను. నలుగురి పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పోర్టల్ పాస్‌వర్డులు ఉన్న మిషన్ అది.

రిచీస్ట్రీట్_రాజు
మాస్టారూ, పొడిగింపు ఉంది కదా. ఈఎస్‌యూ అని 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు. సెట్టింగ్స్ వాళ్ళ అకౌంట్‌కి బ్యాకప్ చేసుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు. డిఫెండర్ యాంటీవైరస్ అప్‌డేట్లయితే 2028 అక్టోబర్ దాకా వస్తాయని మైక్రోసాఫ్టే చెప్పింది. అంతగా కావాలంటే రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో విండోస్ పెన్ డ్రైవ్ చేసి 6వ తరంలో కూడా విండోస్ 11 ఎక్కించొచ్చు. మా ఇంట్లో నడుస్తోంది.

చిత్తూరు_లెక్కల_మాస్టర్
డిఫెండర్ అప్‌డేట్ అంటే కొత్త దొంగల ఫోటోలు పంపడం. గోడలో కన్నం పడితే అది పూడ్చదు, పూడ్చేది విండోస్ అప్‌డేటే. రూఫస్ దారిలో వెళ్తే నెలనెలా అప్‌డేట్లు ఇప్పటికి వస్తున్నాయి, ఒప్పుకుంటా. కానీ "ఈ మిషన్లకు అప్‌డేట్లు ఇస్తామని హామీ లేదు" అని మైక్రోసాఫ్ట్ రాతపూర్వకంగానే చెప్పింది. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతట అది రాదు, మళ్ళీ పెన్ డ్రైవ్ పట్టుకుని కూర్చోవాలి. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌తో కోర్ 2 డుయో నాటి మిషన్లు బూట్ అవడమే మానేశాయి, ఎందుకంటే వాటి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఆదేశం లేదు. 6వ తరంలో అది ఉంది కాబట్టి మీది నడుస్తోంది. వచ్చే వెర్షన్‌లో ఇంకేం అడుగుతారో మీకు తెలుసా?

మింట్_చట్నీ
ఇద్దరూ విండోస్ చుట్టూనే తిరుగుతున్నారు. విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే సిస్టమ్ వేయండి అన్నా. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి, పైసా ఖర్చు లేదు, 4 జీబీలో కూడా నడుస్తుంది. ఎస్‌వీయూలో చదివేటప్పుడు మా రూమ్‌లో ఇంతకన్నా పాత లాప్‌టాప్ దీంతోనే నెట్టుకొచ్చాం.

కొర్లగుంట_వాసి
తమ్ముడూ, టాలీ?

మింట్_చట్నీ
వైన్ అని, లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపేది ఒకటుంది, దాంతో ప్రయత్నించొచ్చు...

చిత్తూరు_లెక్కల_మాస్టర్
రిటర్ను గడువు రోజు సాయంత్రం ఐదింటికి వైన్‌తో ప్రయోగాలు చేయమంటావా అబ్బాయ్! జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్ కూడా విండోస్, ఎక్సెల్ ఉంటేనే. యూఎస్‌బీకి పెట్టే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్లతో లైనక్స్‌లో కుస్తీ పట్టినవాణ్ణి నేను.

మింట్_చట్నీ
టోకెన్ కావాల్సింది కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీ భాగస్వామ్య సంస్థలకు కదా సార్. సొంత పేరు మీద నడిచే చిన్న షాపులకు ఓటీపీతోనే రిటర్ను వేసేయొచ్చు. కాకపోతే టాలీ, ఆఫ్‌లైన్ టూల్ సంగతి మీరన్నదే రైటు, అక్కడ నేను వెనక్కి తగ్గుతున్నా.

స్క్రూడ్రైవర్_స్వామి
తిరుపతిలో సర్వీసు పని చేస్తాను. షాపు పేరు చెప్పను, అడ్వర్టైజ్‌మెంటు అనుకుంటారు. ఇంతసేపూ మీరంతా మందులు రాస్తున్నారు గానీ ఆ మిషన్ నాడి ఒక్కరూ చూడలేదు.

వాసి గారూ, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఆన్ చేసిన పది నిమిషాల తర్వాత కూడా డిస్క్ 100 శాతం దగ్గరే నిలబడి, సీపీయూ 20, 30 దగ్గర తిరుగుతుంటే రాజు గారు గెలిచినట్టు. సీపీయూనే 100లో ఉంటే ఎస్‌ఎస్‌డీ వేసినా మీకు తృప్తి ఉండదు. మెమరీ 90 దాటి ఉంటే ర్యామ్ లేకుండా ఎస్‌ఎస్‌డీ ఒక్కటే వేయడం సగం పని. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కునే ర్యామ్‌లా వాడుకుంటుంది.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని డిస్కు ఆరోగ్యం చూపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో 05 (చెడిపోయాయని డిస్కు పక్కన పెట్టిన చోట్లు), సీ5 అనే వరసల్లో రా వాల్యూ, అంటే అసలు లెక్క, సున్నా ఉండాలి. సీ5లో ఏదైనా అంకె కనపడిందంటే డిస్కు చదవలేకపోతున్న చోట్లు ఉన్నాయని. అప్పుడు స్పీడు గురించి మాట్లాడటం కాదు, ముందు మీ టాలీ డేటా బయటి డ్రైవులోకి కాపీ చేసుకోవాలి. డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ పెట్టి రాత్రంతా వదిలేసే అలవాటు చాలామందికి ఉంది. పోయే డిస్కుని అలా రాత్రంతా తిప్పితే మిగిలిన ప్రాణమూ పోతుంది.

మూడు పైపైన చూసేవి: మూత కీలు దగ్గర ప్లాస్టిక్ విరిగిందా, టచ్‌ప్యాడ్ దగ్గర బాడీ ఉబ్బిందా, ఫ్యాను జాలీలో దుమ్ము ఎంతుంది. టచ్‌ప్యాడ్ ఉబ్బితే లోపల బ్యాటరీ ఉబ్బుతోందని, అది వెంటనే తీయించాలి. ఏప్రిల్, మేలో మన ఊరి ఎండకి ఫ్యాను మూసుకుపోయిన లాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. శుభ్రం చేసి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు మారిస్తే సరిపోయే వాటిని కూడా "స్లో అయిపోయింది, కొత్తది కొనాలి" అని తెస్తారు. అమ్మేవాళ్ళు కూడా ఆ మాటే అంటారు, ఎందుకంటే పేస్టు మీద ఏం మిగులుతుంది?

ర్యామ్ సంగతి. 6006యూ లాప్‌టాప్‌లలో డీడీఆర్4 ఉన్నవి ఉన్నాయి, డీడీఆర్3ఎల్ ఉన్నవీ ఉన్నాయి. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు. కొన్నింటికి ఒకటే స్లాట్. మూత విప్పి చూడకుండా "ఇంకో 4 జీబీ వేస్తా" అన్నవాణ్ణి నమ్మొద్దు. పైగా ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా లాగేసుకుంటున్నాయి, 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి. ర్యామ్ తయారు చేసే మైక్రాన్ కంపెనీ అయితే 2025 డిసెంబర్‌లో క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్ళకు అమ్మడమే ఆపేస్తున్నామని ప్రకటించింది. రాజు గారు రెండేళ్ళ కిందటి రిచీ స్ట్రీట్ రేటు మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారేమో.

రిచీస్ట్రీట్_రాజు
రేటు పెరిగింది నిజమే. కొత్త లాప్‌టాప్‌లో కూడా ఆ ర్యామే కదా వేస్తారు స్వామీ, దాని రేటు పెరగదా?

తిరుచానూరు_అక్క
వీడియోలు ఆగిపోయేది మేడమీద గదిలో అన్నారు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. దానికి హార్డ్ డిస్కుకి సంబంధమే ఉండకపోవచ్చు. అదే గదిలో, అదే టైముకి ఫోన్‌లో అదే వీడియో పెట్టి చూడమనండి. ఫోన్‌లో బాగా వచ్చి లాప్‌టాప్‌లో ఆగితే లాప్‌టాప్ వైఫై కార్డు తప్పు కావచ్చు. రెండింట్లోనూ ఆగితే రూటర్ పెట్టిన చోటు తప్పు.

ఫైబర్ కనెక్షన్ ఇచ్చే అబ్బాయి కేబుల్ ఎక్కడ లోపలికొస్తే అక్కడే, వీధి గుమ్మం పక్కనే రూటర్ తగిలించి వెళ్ళిపోతాడు. మా ఇంట్లో అది సరిగ్గా బీరువా వెనక పడింది. ఇనుప బీరువా, మధ్యలో స్లాబు, రూటర్ ఇచ్చే రెండు వైఫై బ్యాండుల్లో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పైకి ఎక్కనే లేదు. 2.4 ఎక్కుతుంది గానీ ఆ బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్ళు 1, 6, 11 మూడే. మా వీధిలో పోర్షన్లకో రూటర్. అందరిదీ అక్కడే తోపులాట. మేం ఒక లాన్ వైరు మెట్ల పక్కగా పైకి లాగి, పాత రూటర్‌ని పైన వైఫై పంచే యాక్సెస్ పాయింటుగా పెట్టాం. అంతే. వైరు కొనేటప్పుడు ఎనిమిది తీగలూ కలిపినదేనా అని చూసుకోండి. నాలుగే కలిపితే 100 ఎంబీపీఎస్ దాటదు.

అప్పటి చవక లాప్‌టాప్‌లలో చాలావాటికి 2.4 మాత్రమే పట్టే, ఒకే యాంటెన్నా ఉన్న కార్డు ఇచ్చేవారు. నెట్‌వర్క్ స్టేటస్‌లో స్పీడ్ 72 ఎంబీపీఎస్ అని కనపడితే అదే. మీ ప్లాన్ 100 అయినా 200 అయినా అంతకు మించి రాదు. యూఎస్‌బీకి పెట్టే రెండు బ్యాండ్ల వైఫై డాంగిల్ తెచ్చుకుంటే చాలు.

ఇంకో మాట. అమ్మాయి లాప్‌టాప్ వాడేది దేనికో ఇంతమందిలో ఒక్కరైనా అడిగారా?

కొండకింద_నెట్‌సెంటర్
మధ్యలో వస్తున్నా. కొత్త లాప్‌టాప్ ఉంటే 300 రూపాయల దర్శనం టికెట్లు త్వరగా దొరుకుతాయని కోటా విడుదలయ్యే ప్రతిసారీ ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. దొరకవు. వెయిటింగ్ పేజీ నడిచేది వాళ్ళ సర్వర్‌లో, మీ లాప్‌టాప్‌లో కాదు. ఆ ఆశతో మాత్రం కొనొద్దు.

కొర్లగుంట_వాసి
అందరికీ దండం. చూశాను. డిస్క్ 100 శాతమే. సీపీయూ 25 దగ్గర ఉంది. మెమరీ 91. క్రిస్టల్‌డిస్క్‌లో సీ5 దగ్గర రా వాల్యూ 8 అని పసుపు రంగులో చూపిస్తోంది, చూడగానే టెన్షన్ వచ్చింది. టాలీ డేటా మొత్తం రాత్రే కాపీ చేశాను. వైఫై స్పీడు అక్క చెప్పిన 72 అంకే. అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్. ఆర్, పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోందట. "ఏ సిస్టమ్ అయినా పర్లేదు నాన్నా, నాకంటూ ఒకటి ఉంటే చాలు" అంది.

మింట్_చట్నీ
ఆర్, పైథాన్ రెండూ లైనక్స్‌లో హాయిగా నడుస్తాయి. ఆ లాప్‌టాప్ ఆమెకిచ్చేయండి!

చిత్తూరు_లెక్కల_మాస్టర్
ఇప్పుడు కుదిరింది. పాతదానికి ఎస్‌ఎస్‌డీ, మింట్. అమ్మాయికి. మీ ఆఫీసు పనికి విండోస్ 11 సపోర్టు ఉన్న మిషన్ వేరేగా. 42,000 దేనికి? బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కంపెనీలు వాడి తీసేసిన 8వ తరం లాప్‌టాప్‌లు దొరుకుతాయి.

స్క్రూడ్రైవర్_స్వామి
దొరుకుతాయి, కానీ కళ్ళు మూసుకుని తేవద్దు మాస్టారూ. బ్యాటరీ సగం చచ్చి ఉంటుంది. విండోస్ కన్నా ముందు లేచే బయోస్‌కి పాత కంపెనీ పాస్‌వర్డు ఉంటే దాన్ని తీయించడం తలనొప్పి. విండోస్ యాక్టివేషన్ నిజమైనదా, క్రాక్ చేసిందా చూడాలి. క్రాక్ చేసిందయితే మీ గడియ మాట మళ్ళీ మొదటికే వస్తుంది. టాలీకి లాప్‌టాపే ఎందుకు? ఆఫీసు టేబుల్ మీదే పని అయితే అదే తరం చిన్న డెస్క్‌టాప్ ఇంకా చవక, ర్యామ్, డిస్కు మార్చుకోవడం తేలిక. కరెంటు పోతే పద్దులు పాడవకుండా యూపీఎస్ ఒకటి కలుపుకోండి.

రిచీస్ట్రీట్_రాజు
ఒక మిషన్‌తో పోయేదానికి రెండు చేశారు. ఎస్‌ఎస్‌డీ వేసి, ఈఎస్‌యూలో చేరి, అక్టోబర్ నాటికి ర్యామ్ రేట్లు చూసి అప్పుడు కొనుక్కోమని నా సలహా. ఇప్పుడు రేట్లు మండేటప్పుడే ఎందుకు కొనడం?

చిత్తూరు_లెక్కల_మాస్టర్
రేట్లు దిగుతాయని మీకు చెప్పిందెవరు?

కొర్లగుంట_వాసి
మూత విప్పించాను. ర్యామ్ స్లాట్లు రెండు, డీడీఆర్4, ఒకటి ఖాళీ. వాడిన 4 జీబీ ముక్క, కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించి, మింట్ ఎక్కించి అమ్మాయికి ఇస్తున్నా. నా పనికి డెస్క్‌టాప్ చూస్తున్నా, ఇంకా కొనలేదు, ఈలోగా తమ్ముడి ఆఫీసు సిస్టమ్‌లో రిటర్నులు వేస్తున్నా. తీసిన హార్డ్ డిస్కుని డీవీడీ డ్రైవు ఉన్న చోట క్యాడీ అనే చట్రంలో పెట్టిస్తానని షాపబ్బాయి అంటున్నాడు. పెట్టించమంటారా?

స్క్రూడ్రైవర్_స్వామి
సీ5లో 8 ఉన్న డిస్కా? వద్దు. షాపులో కూడా వదలకండి, అందులో మీ పార్టీల పాన్ కార్డులన్నీ ఉన్నాయి. ఇంటికి తెచ్చేయండి. డేటా అంతా కొత్తచోట తెరుచుకుంటోందని చూసుకున్నాక డిస్కు లోపల తిరిగే పళ్ళేల మీద డ్రిల్లు వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇచ్చేయండి. డాంగిల్ మాత్రం మీడియాటెక్ 7612యూ చిప్ ఉన్నది అడిగి తీసుకోండి, మింట్‌లో డ్రైవర్ వెతుక్కునే పని ఉండదు.